చెయ్యి లేపిన కేస్లి

గ్రామసభ పదకొండు గంటలకు. రాజేశ్వర్ రావు కారు మాత్రం పొద్దున ఎనిమిదింటికే మా తండాలోకి వచ్చి సర్పంచ్ ఇంటి ముందు ఆగింది. సర్పంచ్ అప్పుడు పొయ్యి ముందు కూర్చుని జొన్న రొట్టెలు కాలుస్తోంది. పేరు గుగులోత్ కేస్లి. నాకు వరసకు కాకి, అంటే పిన్ని.

రావు పక్క ఊరి పెద్దమనిషి. మా బోడగుట్ట తండా సొంత పంచాయతీ కాకముందు ఆ ఊరికి తోకలా ఉండేది. తోక తెగిందని కాగితం మీద రాశారు కానీ ఆయన చేతిలోంచి ఎవరూ లాగలేదు. కేస్లి కాకితో సర్పంచ్‌గా నామినేషన్ వేయించింది కూడా ఆయనే.

కాకి మొగుడు హర్యా రావు పొలాల్లోనే ట్రాక్టరు నడుపుతాడు, ఆయన్ని చూడగానే మంచం వాల్చాడు. రావు కూర్చోలేదు.

"కేస్లీ, ఇయ్యాల సభల తీర్మానం నువ్వే చదవాలె. చదివి చెయ్యి లేపు. గంతే నీ పని."

"ఏం తీర్మానం సారూ?"

"మీ గుట్ట మీద కంకర క్రషర్ పెడ్తున్నరు. పంచాయతీ ఒప్పుకుంటున్నదని రాయాలె. మొగోళ్లతోని మాట్లాడిన. అందరు సై అన్నరు. నీ హర్యా టిప్పర్ డ్రైవరైతడు. నెల జీతం."

కాకి మొగుడి వంక చూసింది. హర్యా మంచం నులక ఎక్కడ తెగిందో వెతుకుతున్నాడు.

"ఆడోళ్లకు చెప్పిండ్రా?"

"ఆడోళ్లకు చెప్పేదేమున్నది? ఉపాధి పని మీద మీటింగని డప్పు కొట్టిచ్చినం. వస్తరు. నువ్వు చెయ్యి లేపితే లేపుతరు. ఎన్నడన్న నిన్ను కాదన్నరా?"

పొయ్యి మీద రొట్టె మాడుతోంది. కాకి దాన్ని తియ్యలేదు.

"నేను లేపకపోతే?"

రావు గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "సూడు బిడ్డా, నర్సరీల మొక్కలెండినయని నీ మీద ఫైలొకటి మండలంల పడున్నది. దాన్ని ఆపింది నేను. ఇయ్యాల సభల కిరికిరి అయితే ఇగ నేను ఆపను. నీ పదవి పోతది, నీ పెనిమిటి నౌకరి పోతది. నువ్వు లంబాడీల ఏమన్న గుసగుస పెడితే సారంగపాణి ఉండనే ఉన్నడు."

సారంగపాణి కారు దిగి అప్పటికే మంచం మీద కూర్చున్నాడు. పక్క ఊళ్ళో కిరాణా కొట్టు ఆయనది. ఏళ్ళ తరబడి మా తండాకు ఉప్పూ పప్పూ అమ్మీ అమ్మీ మా భాష నేర్చుకున్నాడు. 'ఎంత', 'రేపిస్తా', 'పోయినసారిదే ఇయ్యలేదు' లాంటి మాటలు మా అందరికంటే ఆయనే బాగా పలుకుతాడు.

"ఫోన్ సారంగపాణికియ్యి. సభ అయినంక తీస్కో," అని రావు కారెక్కాడు.

కాకి ఫోన్ ఇచ్చేసింది. మాడిన రొట్టె తీసి మొగుడి పళ్ళెంలో వేసింది.

క్రషర్ అంటే ఏంటో తెలియని వాళ్ళం కాదు. పక్క మండలంలో పెట్టారు. పత్తి మీద బూడిదలా దుమ్ము. గోడలకు నెర్రెలు. మందు పేలినప్పుడల్లా పసిపిల్లలు ఉలిక్కిపడి పాలు కక్కుతారు. బోడగుట్ట పేరుకే బోడిది. దాని వెనక చెలిమె ఉంది, ఎండాకాలం మేకలకు అదే దిక్కు. చెలిమె పక్కనే ఏడు రాళ్ళు నిలబెట్టి ఉంటాయి, అవి మా దేవత సీత్లా. మగవాళ్ళు పొద్దున్నే హన్మకొండకో కాజీపేటకో కూలికి పోయేవాళ్ళు, గుట్టను చూసేది ఆదివారం. దాంతో రోజూ బతికేది ఆడవాళ్ళు. వాళ్ళకే తెలియకుండా వాళ్ళ చేతులతోనే గుట్టను ఇప్పించాలన్నది ప్లాను. ఆ చేతుల్ని లేపే మీట ఒక్కటే ఉందని రావుకు తెలుసు. అది కేస్లి కాకి చెయ్యి.

ఆ చెయ్యి కథ చెప్పాలి.

కాకి ఐదో తరగతి దాకా పక్క ఊరి బడికి పోయింది. అక్కడ ఒక పంతులు లంబాడీలో మాట్లాడిన పిల్లల్ని బయట చెప్పుల దగ్గర కూర్చోబెట్టేవాడు. కాకి తెలుగు నేర్చుకుంది చెప్పుల దగ్గరే, లోపలి నుంచి వినపడింది విని. మాట్లాడటం మాత్రం అక్కడే మానేసింది. తెలుగు వాళ్ళ ముందు నోరు తెరిస్తే చెప్పుల వాసన వస్తుందని ఇప్పటికీ అంటుంది.

పెళ్ళయ్యాక మిరప తోటల్లోకి కూలికి పోయింది. కొన్నాళ్ళకు ఆమే మేస్త్రీ అయింది. తండా ఆడవాళ్ళందరినీ ట్రాలీ ఎక్కించి పరకాల దాకా తీసుకుపోయేది. తోటలో అరవదు. సాలు చివర నిలబడి చెయ్యి పైకి లేపుతుంది. అందరూ ఏరుతున్న సాలు వదిలి పక్క సాలులోకి మారాలి. ఆలస్యమైతే ఎండ నెత్తికెక్కుతుంది, రైతు నోరు లేస్తుంది. అందుకని ఆ చెయ్యి లేవగానే ఆలోచించకుండా కదలడం వాళ్ళ ఒంటికి పట్టేసింది. ఒకసారి బతుకమ్మ ఆడుతూ కాకి జడ సర్దుకోవడానికి చెయ్యెత్తితే ఇద్దరు వరస మారిపోయారట. అది చెప్పి ఇప్పటికీ నవ్వుకుంటారు.

తండాలు పంచాయతీలైనప్పుడు మా సీటు గిరిజన మహిళకు వచ్చింది. రావు వెతుకుతున్నది మాట్లాడని మనిషి కోసం. జనం వెంట నడిచే మనిషి కూడా కావాలి. రెండూ కాకిలో దొరికాయి. గెలిచింది. సంతకం హర్యా పెట్టించేవాడు, మాట రావు మాట్లాడేవాడు.

గెలిచిన కొత్తలో మండలం మీటింగులో ఎవరో ఆమె చేతికి మైకిచ్చారు. భయంలో నోట్లోంచి లంబాడీ వచ్చింది. తండాకు నీళ్ళ ట్యాంకు కావాలని చెబుతోంది పాపం. హాలంతా నవ్వింది. ఎవడో వీడియో తీసి, కింద తీన్మార్ దరువు కలిపి గ్రూపుల్లో వదిలాడు. మా తండా పోరగాళ్ళ ఫోన్లలోకి కూడా వచ్చింది. కొందరు నవ్వారు కూడా. సిగ్గులేదు మాకు. ఆ తర్వాత ఆమె మైకు ముట్టుకోలేదు. మీటింగుల్లో కుర్చీ చివర కూర్చుని టీ తాగి వచ్చేసేది. "మా సర్పంచ్ మస్తు మంచిది, కిక్కురుమనది," అని రావు అందరితో చెప్పేవాడు.

ఆ కిక్కురుమనని మనిషి ఆ పొద్దున రొట్టెలన్నీ కాల్చింది. స్నానం చేసింది. చీర కట్టుకుంది. సారంగపాణి వాకిట్లోంచి కదల్లేదు. నీళ్ళకని బిందె తీస్తే, "హర్యా తెస్తడు తియ్యి చెల్లే," అన్నాడు. పక్కింటి సోన్కి యాడి గోడ మీంచి తొంగి చూసి చింతపండు ఉందా అని అడిగింది. యాడి అంటే అమ్మ; సోన్కి యాడి తండాలోకెల్లా పెద్దది. ఇప్పటికీ అద్దాల రవికె, చేతులనిండా తెల్ల గాజులు. కాకి చింతపండు ఇవ్వబోతే సారంగపాణి మధ్యలో అందుకుని తానే గోడ మీంచి ఇచ్చాడు. ముసల్ది ఆయన్నీ, కాకినీ ఓ క్షణం చూసి వెళ్ళిపోయింది.

పదకొండింటికి బడి ముందు షామియానా. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీల్లో మండలం నుంచి వచ్చిన ఆఫీసరు, రావు. పంచాయతీ సెక్రటరీ మానస రిజిస్టరు పట్టుకుని నిలబడింది. హన్మకొండ అమ్మాయి, కొత్తగా నౌకరీలో చేరింది. మగవాళ్ళు ఒక పక్క గోడకు ఆనుకుని ఉన్నారు. నేనూ వాళ్ళలోనే ఉన్నాను. క్రషర్ సంగతి మాకు తెలుసు. భార్యలకు చెప్పొద్దని రావు చెప్పాడు, మేం చెప్పలేదు. ఆడవాళ్ళు నేల మీద పరచిన జంపఖానా మీద కూర్చున్నారు. ఉపాధి పని ఎప్పుడు మొదలవుతుందో, కొలతలు ఎవరు తీస్తారో మాట్లాడుకుంటున్నారు.

సారంగపాణి కాకి కుర్చీ వెనకే నిలబడ్డాడు.

ఆఫీసరు వాచీ చూసుకుని అన్నాడు. "కానియ్యండమ్మా. ఎజెండా చదవండి."

మానస కాకి చేతికి కాగితం ఇచ్చింది. అందులో తెలుగే ఉంది గానీ మా ఆడవాళ్ళకు అర్థమయ్యే తెలుగు కాదు. సర్వే నంబరు, ఖనిజం, నిరభ్యంతరం. అది చదివితే ఒక్కరికి కూడా క్రషర్ అని తెలియదు. కాకి చదివి చెయ్యి లేపుతుంది. వెనకాల వాళ్ళ చేతులు లేస్తాయి. మానస రాసుకుంటుంది. అయిపోతుంది. చెలిమె పోతుంది, సీత్లా పోతుంది.

కాకి లేచి నిలబడింది.  ఆడవాళ్ళ వైపు చూసింది. చూసి, కాగితం కుర్చీలో పెట్టి, రెండడుగులు ముందుకు నడిచి, జంపఖానా మొదట్లో కూర్చున్న సోన్కి యాడి మీద పడిపోయింది. ముసలిదాని మెడ చుట్టూ చేతులు వేసి, భుజం మీద తల పెట్టి, రాగం తీసింది.

"యాడియే…"

ఇది తెలుగు వాళ్ళకు చెప్పాలి. మా ఆడవాళ్ళు చాలా కాలానికి కలుసుకున్నా, ఆడపిల్ల అత్తింటికి పోతున్నా, మనిషి చచ్చిపోయినా ఇలా ఒకరి మీద ఒకరు తల పెట్టి మాటలు కట్టి రాగంతో ఏడుస్తారు. దాన్ని ఢావలో అంటాం. ఏడ్చే మనిషిని మధ్యలో ఆపకూడదు. ఆపితే ఆ ఏడుపు ఆపినవాడి ఇంటికి పోయి కూర్చుంటుందని నమ్మకం. ఎదుటి మనిషి కళ్ళు తుడిచి నీళ్ళు తాగించేదాకా మొగుడైనా, తండా నాయకుడైనా నోరు మూసుకుని నిలబడాల్సిందే.

కానీ సోన్కి యాడి పక్కింటి మనిషి. రెండు గంటల క్రితమే గోడ మీంచి చింతపండు తీసుకుంది. రోజూ కనపడే మనిషి మీద పడి ఎవరూ ఢావలో ఏడవరు. జంపఖానా మీద మాటలు టక్కున ఆగిపోయాయి. ఏదో పోయింది. లేదా పోబోతోంది. అది మాత్రం అందరికీ అర్థమైంది.

సోన్కి యాడి కూడా ఏమైందని మామూలు మాటల్లో అడగలేదు. కాకి వీపు మీద చెయ్యి వేసి, తన గొంతు కలిపింది. ఏడుపులోనే ప్రశ్న వేసింది. ఎవరు పోతున్నారు బిడ్డా, ఎటు పోతున్నారు?

కాకి జవాబు ఏడ్చింది. ఏడు చెల్లెళ్ళు పోతున్నారు యాడియే, రాయి నమిలే రాక్షసి వస్తోంది. అది మన మేకలు నీళ్ళు తాగే చోట కాళ్ళు చాపుతుంది. చెల్లెళ్ళ కడుపులో నిప్పు పెడుతుంది. మన పిల్లల కళ్ళలో బూడిద పోస్తుంది.

ఏడు చెల్లెళ్ళంటే సీత్లా రాళ్ళు. అది మా ఆడపిల్లలు పాలతో పాటు తాగిన మాట. కాకి క్రషర్ అనలేదు. రావు పేరెత్తలేదు. సారంగపాణి కొట్టులో వినపడే మాట ఒక్కటి కూడా వాడలేదు. ఆయన మెడ ముందుకు చాచి వింటున్నాడు. మొహంలో లెక్క తేలని చూపు. రాగంలో సాగిన మాట ఎక్కడ మొదలై ఎక్కడ తెగుతుందో ఆయనకు అందటం లేదు.

ముసల్ది మళ్ళీ ఏడ్చింది. ఎవరు పిలిచారు బిడ్డా ఆ రాక్షసిని?

మన చేతులే పిలుస్తాయి యాడియే. ఇప్పుడే పిలుస్తాయి. నా చెయ్యి లేస్తుంది, అది నా చెయ్యి కాదు. దాన్ని చూసి సాలు మారకండి. మీ చేతులు మీ ఒళ్ళోనే ఉంచుకోండి.

గోడ దగ్గర మా మగవాళ్ళలో ఒక్కడూ కదల్లేదు. మాకు ప్రతి మాటా తెలుస్తోంది. రావు కుర్చీలోంచి సగం లేచాడు.

"ఏందిది? హర్యా! ఏమంటున్నదిరా నీ పెండ్లాం?"

అందరం హర్యా వైపు చూశాం. ఆయన షామియానా కట్టిన బొంగు పట్టుకుని ఉన్నాడు. అప్పటికే టిప్పర్ నడపడం కోసం లైసెన్సు మార్పించుకున్నాడు. తండా అంతా ఆ సంగతి చెప్పుకున్నాడు. ఒక్క మాట అంటే చాలు. కాకి అక్కడికక్కడే దొరికిపోతుంది.

హర్యా బొంగు మీంచి చెయ్యి తీశాడు.

"ఏం లేదు సార్. సోన్కి యాడి రేపు బిడ్డ దగ్గరికి పోతాంది. పాలంపేట దిక్కు. ఇగ ఆడనే ఉంటదంట. గందుకు ఏడుస్తాంది."

"గిప్పుడా ఏడ్సుడు? ఆపమను!"

"ఆపొద్దు సార్. ఆపితే మీ ఇంటికి వస్తది."

"ఏమొస్తది?"

"ఏడుపు సార్."

ఆఫీసరు ముఖం పక్కకు తిప్పి నవ్వు ఆపుకున్నాడు. "పోనీయండి రావు గారూ, సెంటిమెంట్లు. రెండు నిమిషాలు చూద్దాం."

రావు సారంగపాణి వైపు తిరిగాడు. సారంగపాణికి తెలియలేదని చెప్పుకోవడం నామోషీ. ఇన్నేళ్ళ వ్యాపారం. "ఔ సార్, గదే. బిడ్డ ముచ్చటే," అన్నాడు.

సోన్కి యాడి కొంగుతో కాకి మొహం తుడిచింది. ఎవరో చెంబుతో నీళ్ళిచ్చారు. కాకి తాగింది. లేచి వెనక్కి వచ్చి కాగితం తీసుకుంది. చెప్పుల దగ్గర నేర్చుకున్న తెలుగులో ఒక్కో అక్షరం పట్టుకుని తీర్మానం మొత్తం చదివింది. ఎక్కడా నవ్వు వినపడలేదు. చదివి, తలెత్తకుండా చెయ్యి పైకి లేపింది.

ఆ క్షణమే అసలు భయం. ఆ చెయ్యి అంటే వాళ్ళకు తోటలో ఎండ, రైతు తిట్టు, ఇన్నేళ్ళ అలవాటు. ముందు వరసలో ఒకామె భుజం కదిలింది. చెయ్యి మోకాలి దాకా వచ్చింది. పక్కనున్నామె ఆ చేతిని పట్టుకుని ఒళ్ళోకి లాక్కుంది. ఆ తర్వాత ఎవరూ కదల్లేదు. కాకి చెయ్యి ఒక్కటే గాలిలో ఉంది. దించమని ఎవరూ చెప్పలేదు గనక ఆమె దించలేదు.

"లేపుండ్రే!" అన్నాడు రావు. "సర్పంచ్ లేపింది కనవడ్తలేదా?"

జంపఖానా మీంచి ఒక గొంతు తెలుగులో వచ్చింది. "ఉపాధి పనంటిరి గద సార్? గా ముచ్చటేది?"

ఆఫీసరు మగవాళ్ళ వైపు తిరిగాడు. "మీరేమంటారయ్యా?"

మేం నేల చూపులు చూశాం. నాలుగైదు చేతులు లేచి, భార్యల వంక చూసి, తల గోక్కుని దిగిపోయాయి. మానస ఆఫీసర్ని అడిగింది. "సార్, ఏమని రాయాలి?" ఆయన ఫైలు మూసి అన్నాడు. "ఏం జరిగిందో అదే రాయమ్మా."

రావుకు అసలు సంగతి ఆ సాయంత్రానికే తెలిసింది. మా మగవాళ్ళలోనే ఎవడో చెప్పాడు. మొక్కలెండిన ఫైలు కదిలింది. కాకిని సస్పెండ్ చేశారు. హర్యాకు టిప్పరూ లేదు, రావు పొలాల్లో ట్రాక్టరు పనీ లేదు. ఏడాది పాటు కాజీపేటలో ఆటో కిరాయికి తీసుకుని తిప్పాడు. ఇంట్లో గొడవలు కూడా అయ్యాయి, కాలేదని చెప్పను. ఒకరోజు హర్యా పళ్ళెం విసిరేశాడు. కాకి ఏరుకొచ్చి అందులోనే మళ్ళీ పెట్టింది. సోన్కి యాడి మాత్రం ఆ మర్నాడే మూట కట్టుకుని బిడ్డ దగ్గరికి బస్సెక్కింది. ఎందుకని అడిగితే, "హర్యా చెప్పిన మాట అబద్ధం కావొద్దు గద," అంది. అక్కడ నెల రోజులు కూడా ఉండలేక, అల్లుడి గురక భరించలేనని చెప్పి తిరిగొచ్చేసింది.

కాకి మళ్ళీ మిరప తోటల్లోకి పోయింది. మొన్న ఎన్నికల్లో సర్పంచ్ సీటు వేరేవాళ్ళకు పోతే వార్డు మెంబరుగా నిలబడి గెలిచింది. ఇప్పుడు మైకిస్తే తీసుకుంటుంది. మొదట లంబాడీలో చెప్పి, తర్వాత తెలుగులో చెబుతుంది. గుట్ట ఉంది. రావు ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. ఈసారి పక్క తండా వైపు నుంచి గుట్టెక్కాలని చూస్తున్నాడని వినికిడి.

సస్పెన్షన్‌కు ముందు విచారణ పెట్టారు. పిలిచింది మొక్కల గురించే. కానీ విచారణకు వచ్చిన పెద్ద సారు మొక్కల మాట రెండు నిమిషాల్లో ముగించి సభ సంగతికి వచ్చాడు. పక్కన ఒకతను ఫోన్‌లో రికార్డింగ్ పెట్టాడు. హర్యా, నేను గుమ్మం దగ్గర నిలబడ్డాం.

"ఆ రోజు సభలో ప్రజల్ని రెచ్చగొట్టావని ఫిర్యాదు. ఏం చెప్పావు వాళ్ళకు?"

"చెప్పలే సార్. ఏడ్సిన."

"తీర్మానానికి వ్యతిరేకంగా మాట్లాడలేదా?"

"తీర్మానం చదివిన. చెయ్యి లేపిన. అందరు చూసిండ్రు. ఒక్కదాన్నే లేపిన గద సార్."

ఆయన పెన్ను టేబుల్ మీద రెండుసార్లు కొట్టాడు. "సరే. ఆ ఏడుపేదో ఇప్పుడు ఇక్కడ ఏడువు. రికార్డు చేసుకుంటాం. అర్థం చెప్పేవాళ్ళను పిలిపిస్తాం."

కాకి ఆ ఫోన్ వంక చూసింది. ఒకప్పుడు ఆమెను ఊరూరా నవ్వులపాలు చేసింది అలాంటి ఫోనే.

"ఊకెనే రాదు సార్ అది. ఏదన్న పోతాంటెనే వస్తది," అంది. లేచి కొంగు సర్దుకుంది. "గుట్ట మల్ల పోయేదుంటే పిలువుండ్రి. ఏడుస్త."